కింది వాటా పెద్దావిడ తోట

జర్మనీలో ఇరుగుపొరుగు పరిచయాలు చాలావరకు పార్సిల్‌తోనే మొదలవుతాయి. మనం ఇంట్లో లేనప్పుడు పార్సిల్ తెచ్చిన అతను దాన్ని అదే బిల్డింగ్‌లో ఎవరో ఒకరికిచ్చి, ఎవరి దగ్గర ఉంచాడో చీటీ రాసి మన పోస్టు డబ్బాలో వేసి వెళ్తాడు. సాయంత్రం ఆ చీటీ పట్టుకెళ్లి తలుపు కొట్టాలి. లైప్‌జిగ్‌లో మా మొదటి చలికాలంలో నేను అలా కొట్టిన తలుపు మా కింది వాటా పెద్దావిడది.

తెనాలి నుంచి మా అమ్మ పంపిన పెట్టె అది. కందిపొడి, కరివేపాకు పొడి, గుమ్మడి వడియాలు, మా అబ్బాయికి జంతికలు. ఎంత గట్టిగా ప్యాక్ చేసినా ఇంగువ వాసన ఆగదు కదా. ఆవిడ పెట్టె నా చేతిలో పెడుతూ, "మధ్యాహ్నం నుంచి ఇది మా ఇంట్లోనే ఉంది. అప్పటినుంచీ నాకు ఒకటే ఆకలి" అంది. మర్నాడు వేడి అన్నంలో కందిపొడి, నెయ్యి కలిపి ఒక గిన్నెలోను, ఉత్త పొడి ఒక చిన్న గాజు సీసాలోను పెట్టి పట్టుకెళ్లాను. వారం తిరక్కుండా ఆ సీసా మా గుమ్మం ముందు కనిపించింది. శుభ్రంగా కడిగి, నిండా ప్లమ్ పళ్ల జామ్ పోసి, అవి ఏ చెట్టు కాయలో, ఏ ఏడాదివో మూత మీద చీటీ అంటించింది. ఆ సీసా ఇప్పటికీ మా రెండిళ్ల మధ్య తిరుగుతూనే ఉంది. ఖాళీగా వెళ్లలేదు, ఒక్కసారి తప్ప ఖాళీగా రాలేదు.

జర్మన్లు ముభావంగా ఉంటారు, ఎవరితోనూ కలవరు అని బయల్దేరేముందు అందరూ చెప్పారు. నేను చూసినంతలో వాళ్లు పలకరించడం మానరు. మెట్ల మీద ఎదురైతే చిన్నపిల్లలు కూడా నమస్కారం చెప్పకుండా దాటిపోరు. డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్‌లోకి అడుగుపెట్టిన మనిషి అక్కడ కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్లందరికీ కలిపి ఒక పలకరింపు చెప్పి మరీ కూర్చుంటాడు. కాకపోతే ఆ పలకరింపు మర్నాడే చనువుగా మారదు. మారడానికి ఒక ఏడాది తిరగాలి. వేసవి, ఆకు రాలే కాలం, చలి, మళ్లీ వసంతం అన్నీ ఒకసారి మనతో పాటు చూశాక, ఈవిడ వెళ్లిపోయే మనిషి కాదు అని వాళ్లకి నమ్మకం కుదిరాక, అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. నాకు అలాగే జరిగింది. కొద్దిరోజులకు వచ్చి వెళ్లేవాళ్లకు ఈ ఊళ్లో దొరకని సుఖాలు కొన్ని ఉన్నాయి. అవి రాసిపెట్టుకోవాలని ఎప్పటినుంచో ఉంది.

మా ఆయనది ఇక్కడ పరిశోధన ఉద్యోగం. నేను తెనాలిలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక భాషా క్లాసులకు వెళ్లి, ఇప్పుడు ఒక స్కూల్లో మధ్యాహ్నం పూట పిల్లల్ని చూసుకునే పని చేస్తున్నాను. బోటనీ అని చెప్పగానే పెద్దావిడ కళ్లలో వెలుగు ఇప్పటికీ గుర్తుంది. "అయితే మార్చి నెలాఖరుకు మీరు నాతో అడవికి రావాలి" అంది. పిలిచింది డిసెంబర్‌లో. మూడు నెలల తర్వాత, చెప్పిన ఆదివారం, చెప్పిన టైముకి బుట్ట పట్టుకుని మా తలుపు దగ్గర నిలబడింది.

లైప్‌జిగ్ ఊరి నడుమ నుంచి ఒక అడవి వెళ్తుంది. ఎల్స్టర్, ప్లైసే నదుల వరద నీళ్లు పారిన పల్లపు నేలలో పెరిగిన అడవి. ఓక్, యాష్, మేపుల్ చెట్లు. ట్రామ్ దిగి కాసేపు నడిస్తే లోపల ఉంటాం. మార్చి చివర్లో ఆ చెట్లకింకా ఆకు రాదు. ఎండ నేరుగా నేల మీద పడుతుంది. ఆ కాస్త అదనులో నేలంతా పచ్చగా పరుచుకునే ఆకు ఒకటుంది, పేరు బేర్‌లౌఖ్. మన వెల్లుల్లికి అడవి చుట్టం. అడవిలోకి అడుగు పెట్టకముందే వెల్లుల్లి ఘాటు ముక్కుకు తగులుతుంది. ఊరగాయల రోజుల్లో మా ఇంట్లో కిలోల కొద్దీ వెల్లుల్లి ఒలుస్తుంటే వచ్చే వాసన! పరాయి దేశపు అడవిలో అది ఎదురయ్యేసరికి నేను కాసేపు ఊరికే నిలబడిపోయాను.

ఆవిడ నాకు కోయడం నేర్పింది. ఇదే ఆకారంలో మైగ్లోక్షన్ అనే పూలమొక్క ఆకు కూడా అదే అడవిలో వస్తుంది, అది విషం. వాసన చూసి కనిపెట్టొచ్చనుకుంటాం గానీ, రెండు ఆకులు తెంపేసరికి మన వేళ్లకే వెల్లుల్లి వాసన పట్టేసి ఉంటుంది. ఇక దేన్ని చూసినా అదే వాసన. కాబట్టి కళ్లతో చూడాలి. బేర్‌లౌఖ్‌లో ఒక్కో ఆకు తన సొంత కాడతో నేలలోంచి విడిగా లేస్తుంది. విషపు మొక్కకు ఒకే కాడ మీద రెండు ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకుని వస్తాయి. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో ఆకు తిప్పి చూపించింది. ఒక మొక్కకు ఒకటే ఆకు తెంపాలి, ఒక గుప్పెడు మించి కోయకూడదు, రక్షిత అడవి బోర్డు ఉన్నవైపు అసలు ముట్టుకోకూడదు. ఇన్నేళ్లు క్లాసులో పటం గీసి ఆకుల అమరిక చెప్పాను. ఒక డెబ్భై దాటిన మనిషి మట్టిలో కూర్చుని అదే పాఠం నాకు చెబుతుంటే విద్యార్థిలా వినడం ఎంత బాగుందో.

ఆ ఆకుతో ఆవిడ వెన్న కలిపి బ్రెడ్ మీద రాసుకుంటుంది. నేను పెసరట్టు పిండిలో తరిగి వేస్తాను. ముద్దపప్పు దించే ముందు గుప్పెడు వేసి మూత పెడతాను, వెల్లుల్లి పోపు అక్కర్లేదు. మే నెలకు తెల్లటి పూలు పూసి, చెట్లు చిగురించి నీడ కమ్మేసరికి ఆకులు పండిపోతాయి. జూన్‌లో వెళ్తే ఇక్కడ అలాంటిది ఉండేదంటే నమ్మబుద్ధి కాదు.

ఆవిడ అసలు లోకం మాత్రం అడవి కాదు, తోట. ఊరి శివారుల్లోనూ, రైలు పట్టాల వెంటా అద్దెకిచ్చే చిన్న చిన్న తోటలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో దానిలో చిన్న చెక్క గది, నాలుగు పండ్ల చెట్లు, కూరగాయల మళ్లు. జర్మనీ అంతా ఇవి ఉన్నా వీటికి ష్రేబర్ తోటలు అనే పేరు వచ్చింది లైప్‌జిగ్ నుంచే. డాక్టర్ ష్రేబర్ అనే ఆయన ఇక్కడ పిల్లల ఆరోగ్యం గురించి, ఆరుబయట ఆటల గురించి రాసేవాడు. ఆయన చనిపోయాక 1864లో హౌషిల్డ్ అనే హెడ్మాస్టర్ ఒక సంఘం పెట్టి దానికి ఆయన పేరు పెట్టాడు. పిల్లలకు ఆటస్థలం ఏర్పాటు చేశారు. గెజెల్ అనే ఉపాధ్యాయుడు ఆ స్థలం అంచుల్లో పిల్లల చేత మొక్కలు పెంచించాలని చిన్న మళ్లు వేయించాడు. పిల్లలకు కొన్నాళ్లకే ఆ సరదా తీరింది. కలుపు ఎవరు తీయాలి? అమ్మానాన్నలు దిగారు. దిగినవాళ్లు మళ్లీ వదల్లేదు. కంచెలు వచ్చాయి, గదులు వచ్చాయి. అలా పిల్లల కోసం మొదలైంది పెద్దవాళ్ల తోటగా మారింది. ఆ పాత తోటల దగ్గరే ఇప్పుడొక మ్యూజియం ఉంది. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైన మ్యూజియం అదే.

వీటికి 1983లో చేసిన దేశవ్యాప్త చట్టం కూడా ఉంది. తోట 400 చదరపు మీటర్లు మించకూడదు. గది 24 చదరపు మీటర్లకు లోపే ఉండాలి, అందులో కాపురం పెట్టకూడదు. తోటలో తిండి పండించాలి. అందుకు స్థలంలో మూడో వంతు పళ్లకు, కూరగాయలకు కేటాయించాలన్నది ఆ చట్టాన్ని బట్టి కోర్టు చెప్పిన లెక్క. మధ్యాహ్నం భోజనాల తర్వాత రెండు గంటలు సుత్తి, మోటారు మోగకూడదన్నది సంఘాల నియమం. ఇన్ని రూల్స్ ఏమిటని మా ఆయన అంటాడు గానీ నాకు ఆ మూడో వంతు రూలు మహా నచ్చింది. అద్దెకిచ్చిన నేలలో తిండి పండించి తీరాలని ఒక దేశం చట్టం రాసుకోవడం చిన్న విషయం కాదు.

ఆవిడ తోటకు మొదటిసారి వెళ్లినప్పుడు మే నెల. గేటు పక్కనే పెద్ద పెద్ద ఆకులతో, ఎర్రటి లావు కాడలతో రూబార్బ్. ఇక్కడివాళ్లు ఆ కాడల్ని పంచదార వేసి ఉడికించి కేకుల్లో వాడతారు. ఆకు తినకూడదు. నేను పచ్చి ముక్క కొరికి చూశాను. ఆ పులుపు నాలుక మీద పడగానే పప్పు గుర్తొచ్చింది. దాని పక్కనే ఇంకో మడిలో ఆవిడ సూప్ కోసం పెంచే ఆకు. చూడగానే పోల్చాను, చుక్కకూర! సరిగ్గా మనది కాదు, అదే రూమెక్స్ ప్రజాతిలో యూరప్ జాతి, ఆకు కాస్త పొడుగు. పులుపు మాత్రం అదే పులుపు. పరాయి నేల మీద రూమెక్స్ మడి ముందు నిలబడి నేను చుక్కకూర పప్పు ఎలా చేస్తారో జర్మన్‌లో చెబుతుంటే, ఆవిడ కత్తెర తీసుకుని మాట్లాడకుండా మడి సగం కోసి నా సంచీలో వేసేసింది.

రూబార్బ్‌కు ఒక గడువుంది. జూన్ 24 తర్వాత కోయరు. తెల్ల ఆస్పరాగస్‌కూ అదే తేదీ. మొక్క వచ్చే ఏడాదికి బలం పుంజుకోవాలి కాబట్టి అక్కడితో ఆపేస్తారు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఊరంతా ఆ ఆస్పరాగస్ గురించే మాట్లాడుకుంటారు, రోడ్ల పక్క బడ్డీల్లో స్ట్రాబెర్రీలతో పాటు అమ్ముతారు. ఆ తర్వాత ఏ మొహమాటం లేకుండా మర్చిపోతారు. అన్నీ ఏడాది పొడవునా దొరికే సూపర్ మార్కెట్లు పక్కనే ఉన్నా ఇలా ఎదురుచూసి తినే అలవాటు పోలేదు. మామిడికాయ కోసం, తాటి ముంజల కోసం చూసినట్టు చూస్తారు. ఇప్పుడు నేనూ చూస్తున్నాను.

ఆదివారాల గురించి చెప్పాలి. షాపులన్నీ మూసేస్తారు. రైల్వే స్టేషన్‌లో కొన్ని తప్ప. కొత్తలో అది చాలా ఇబ్బందనిపించింది, శనివారం సాయంత్రం పాలు, పెరుగు తెచ్చుకోకపోతే టెన్షన్. చప్పుడు కూడా చేయకూడదు కాబట్టి మిక్సీ వేయను. ఇడ్లీ పిండి శనివారమే రుబ్బుకుంటాను. దాంతో ఏమైందంటే ఆదివారం నిజంగా ఆదివారం అయింది. ఆ రోజు మేం ముగ్గురం రోజెన్‌టాల్ పార్కుకు వెళ్తాం. పార్కు అంచు జూకి ఆనుకుని ఉంటుంది, ఒకచోట దారిలో నిలబడితే టికెట్ లేకుండానే జిరాఫీలు, జీబ్రాలు గడ్డి మేస్తూ కనిపిస్తాయి. కాఫీ ఫ్లాస్క్, జంతికల డబ్బా పెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చుంటే టైమ్ తెలియదు. అక్కడే ఒక ముసలాయన ప్రతి వారం కనిపిస్తాడు. జిరాఫీల్లో ఏది ఎవరి పిల్లో, ఏది అలిగితే ఏం చేస్తుందో మా వాడికి చెప్తాడు. వాడి జర్మన్‌లో జంతువుల పేర్లన్నీ ఆయన నేర్పినవే. ఆయన పేరు మాకు తెలియదు, మా పేర్లు ఆయనకు తెలియవు. రెండు వారాలు మేం వెళ్లకపోతే మాత్రం, ఎవరికైనా జ్వరమొచ్చిందా అని అడుగుతాడు.

అదే పార్కులో చిన్న గుట్ట మీద ఒక ఇనుప టవర్ ఉంది. పైకెక్కితే గాలికి ఊగుతుంది. గుట్ట కూడా దేవుడు పెట్టింది కాదు, వెనకటికి ఊరి చెత్త పోసి చేసింది. దాని మీద నుంచి చూస్తే ఊరి కంటే చెట్లే ఎక్కువ కనిపిస్తాయి.

నాకు కూరగాయలమ్మే వియత్నాం ఆవిడ గురించి రాయకపోతే ఈ ఊరి సంగతి సగమే రాసినట్టు. తూర్పు జర్మనీకి, వియత్నాంకు 1980లో కుదిరిన ఒప్పందం కింద వేలమంది ఇక్కడి ఫ్యాక్టరీల్లో పనికి వచ్చారు. 1989 నాటికి వాళ్లు దేశంలో దాదాపు 60,000 మంది. బెర్లిన్ గోడ పడ్డాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, పనులు పోయాయి. చాలామంది తిరిగి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు పూలు, కూరగాయలు, బట్టలు అమ్ముకుంటూ నిలదొక్కుకున్నారు. ఈవిడ కూడా ఇరవై ఏళ్ల వయసులో ఒక బట్టల మిల్లులో పనికి వచ్చిన మనిషే. ఆవిడ దగ్గర కాకరకాయ దొరుకుతుంది, బెండకాయ, తూటికూర, ఘాటైన పచ్చిమిర్చి, పెద్ద పెద్ద కొత్తిమీర కట్టలు దొరుకుతాయి. ఆవిడ జర్మన్ వియత్నాం యాసలో, నాది తెలుగు యాసలో. ఇద్దరం ఒకరికొకరం ఎంత చక్కగా అర్థమవుతామో! రేడియో వార్తలు చదివే జర్మన్ కంటే ఆవిడ జర్మన్ నాకు ముందు వచ్చింది. కాకరకాయ కాస్త లేతగా వస్తే రెండు పక్కన పెట్టి ఉంచుతుంది. ఎలా వండుతావని అడిగితే కాకరకాయ కారం చెప్పాను. వాళ్లు లోపల మాంసం కూరి పులుసు పెడతారట. వాళ్ల కొత్త సంవత్సరం రోజున మా వాడికి ఎర్ర కవరులో రెండు యూరోలు పెట్టి ఇచ్చింది. ఉగాదికి నేను పచ్చడి తీసుకెళ్లాను. వేపపువ్వు మా అమ్మ ఎండబెట్టి పంపింది. చేదు తగిలితే మొహం చిట్లిస్తుందేమో అనుకున్నాను. కాకరకాయ తినే మనిషి కదా, రెండోసారి అడిగి పెట్టించుకుంది.

మా వాడు ఒకటో తరగతిలో చేరిన రోజు మా బిల్డింగ్ మొత్తం పండగ చేసుకుంది. ఇక్కడ పిల్లలు బడిలో చేరేటప్పుడు పెద్ద అట్ట గరాటా నిండా మిఠాయిలు, రంగు పెన్సిళ్లు నింపి చేతికిస్తారు. రెండొందల ఏళ్ల కిందట ఈ సాక్సనీ, థురింజియా ప్రాంతాల్లోనే మొదలైన ఆచారం. బడి నేలమాళిగలో ఒక చెట్టుందని, దానికి ఈ గరాటాలు కాస్తాయని, అవి బాగా పెరిగాయంటే బడికి వెళ్లే వయసు వచ్చినట్టేనని పిల్లలకు కథ చెబుతారు. వేడుక శనివారం పెట్టుకుంటారు, ఎందుకంటే తాతలు, అమ్మమ్మలు ఎక్కడెక్కడి నుంచో రావాలి. మా వైపు నుంచి వచ్చేవాళ్లు లేరు. పెద్దావిడ ముందు రోజు సాయంత్రం వచ్చి, "అమ్మమ్మ కుర్చీలో నేను కూర్చోవచ్చా?" అని అడిగింది. ఉతికి ఇస్త్రీ చేసిన నీలం డ్రెస్, మెడలో ముత్యాలు. అక్షరాభ్యాసం నాడు వాడి చేత బియ్యంలో ఓం నమః రాయించిన ఫొటో ఫోన్‌లో ఉంటే చూపించాను. బియ్యం అలా పళ్లెంలో పోసి వేలితో ఎందుకు రాయిస్తారో అన్నీ అడిగి తెలుసుకుంది. వీడియోలో ఆవిణ్ణి చూసి మా అమ్మ, "ఒసేయ్, ఆవిడకి నా తరఫున ఒక చీర పెట్టవే" అంది. పెట్టాను. మంగళగిరి చీర. ఆవిడ దాన్ని కట్టుకోదు, వాళ్లింటి బల్ల మీద పండగలప్పుడు పరుస్తుంది. మా అమ్మకు ఆ ఫొటో పంపిస్తే చాలా సంతోషించింది, బల్లకైనా భలే నప్పిందని.

అక్టోబర్ నెల ఈ ఊరికి ప్రత్యేకం. 1989 అక్టోబర్ 9న, సోమవారం, నికొలాయ్ చర్చిలో ప్రార్థన అయ్యాక దాదాపు 70,000 మంది తూర్పు జర్మనీ ప్రభుత్వానికి నిరసనగా ఊరి నడిమి చుట్టూ ఉన్న రింగ్ రోడ్డు మీద నడిచారు. పోలీసులు, సైనికులు సిద్ధంగా నిలబడి ఉన్నారు. కాల్పులు జరుగుతాయనే అందరూ అనుకున్నారు. గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా నడిపే కుర్ట్ మజూర్, ఇంకో అయిదుగురు కలిసి శాంతిగా ఉండమని రాసిన విన్నపం లౌడ్ స్పీకర్లలో వినిపించారు. ఒక్క తూటా పేలలేదు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఏటా ఆ రోజు సాయంత్రం అగుస్టుస్ ప్లాట్జ్ అనే కూడలిలో జనం కొవ్వొత్తులు వెలిగిస్తారు.

మొదటి ఏడాది మేం ముగ్గురమే వెళ్లాం. రెండో ఏడాది ఆవిడ మమ్మల్ని తనతో రమ్మంది. ఆ రోజు తను కూడా నడిచానని అప్పుడు చెప్పింది. కూతుర్ని అక్క దగ్గర వదిలి, ఒకవేళ నేను రాకపోతే అని కాగితం రాసిపెట్టి వెళ్లిందట. భయం వేయలేదా అని అడిగితే, "చాలా వేసింది. పక్కన నడిచే మనిషి చెయ్యి పట్టుకున్నాను. ఎవరో తెలియదు" అంది. నాకు పుస్తకాల్లో చదివిన చరిత్ర అంతా ఒక్కసారిగా మా కింది వాటాలోకి వచ్చి కూర్చుంది. నేను కొవ్వొత్తి ఆవిడ చేతిలోని కొవ్వొత్తి నుంచే వెలిగించుకున్నాను.

ఆ వారంలోనే తోటలో టమాటాల పని. మంచు పడితే కాయలన్నీ పాడైపోతాయి కాబట్టి పచ్చివన్నీ కోసేయాలి. పండని టమాటా మంచిది కాదని ఇక్కడ చాలామంది నమ్మకం. వార్తాపత్రికలో చుట్టి పండబెడతారు, మిగిలినవి ఎరువు గుంటలో పోస్తారు. ఒక పెద్ద బుట్టెడు గుంటవైపు వెళ్తుంటే నేను ఆపేశాను. ఇంటికి తెచ్చి పచ్చడి చేశాను. నూనెలో మినప్పప్పు, ధనియాలు, నువ్వులు, పచ్చిమిర్చి వేయించుకుని పక్కన పెట్టి, అదే మూకుట్లో టమాటా ముక్కలు నీరంతా ఇంకేదాకా మగ్గించి, వెల్లుల్లి, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా తిప్పి, పైన ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. సీసాలో పెట్టి కిందికి పంపాను. సాయంత్రం ఆవిడే పైకి వచ్చింది, ఖాళీ సీసా పట్టుకుని. ఈ ఒక్కసారి సీసా నిండకుండా రావడానికి, నింపేదాకా ఆగలేకపోవడమే కారణమట. రాత్రి భోజనానికి బ్రెడ్, చీజ్ మీద రాసుకుని తింటున్నామని, తోట పక్కవాళ్లకీ కావాలని చెప్పింది. ఇప్పుడు అక్టోబర్ రాగానే ఆ వరసలో నాలుగైదు తోటల వాళ్లు పచ్చి టమాటాలు మా గుమ్మంలో పెట్టి పోతారు. కారం ఎవరికెంత వేయాలో నా దగ్గర లెక్క ఉంది. చివరి తోట ఆయనకు మన ఇంట్లో వేసుకున్నంత వేస్తాను, అడిగి మరీ వేయించుకుంటాడు.

డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పుడు కిటికీలన్నిట్లో వంపు తిరిగిన చెక్క దీపాలు పెడతారు, దగ్గర్లోని గనుల కొండల్లోంచి వచ్చిన పద్ధతి. కార్తీక మాసం ముగిసి మా బాల్కనీలో దీపం ఆగేసరికి వీధి అవతల వాళ్ల కిటికీల్లో మొదలవుతాయి. అయిదో తారీఖు రాత్రి పిల్లలు తమ బూట్లు తుడిచి తలుపు బయట పెడతారు. పొద్దున లేచేసరికి అందులో కమలాలు, వాల్‌నట్లు, చాక్లెట్లు. పెద్దావిడ మా వాడి బూటులోనే కాదు, నా చెప్పుల్లోనూ రెండు కమలాలు పెడుతుంది.

కిందటి నెల మాకూ తోట దొరికింది. చాలాకాలం వెయిటింగ్ లిస్టులో ఉన్నాం. ఆవిడ తోటకు నాలుగు తోటల అవతల. ఒక పాత ఆపిల్ చెట్టు, రెండు ప్లమ్‌లు, పైకప్పు కాస్త కారే గది. సంఘం వాళ్ల మీటింగ్‌లో కాగితాల మీద సంతకం పెట్టాక అక్కడి పెద్దలందరూ చేతులు కలిపారు. పచ్చడి ఆవిడ అని నన్ను పరిచయం చేశారు. మూడో వంతులో ఏం వేయాలో కాగితం మీద గీసుకున్నాను. చుక్కకూర దుబ్బు ఆవిడ మడిలోంచి ఇస్తానంది. మా అమ్మ గోంగూర, బచ్చలి, బీర విత్తనాలు పంపింది. గోంగూరకు ఇక్కడి వేసవి సరిపోతుందా అన్నది చూడాలి. గదిలో కిటికీ దగ్గర ఏప్రిల్‌లోనే నారు పోద్దామని నా ఆలోచన. ఆవిడ క్యాలెండర్ తెచ్చి మే 11 నుంచి 15 వరకు ఎర్ర గీత గీసింది. ఆ అయిదు రోజుల్లో ఒక చివరి చలి దెబ్బ ఉంటుందని ఇక్కడి రైతుల లెక్క. అది దాటేదాకా ఒక్క మొక్క కూడా బయట నాటొద్దని, మే 16 పొద్దున తనే పలుగు పట్టుకుని వస్తానని చెప్పింది. పదిహేడో తారీఖుకు వియత్నాం ఆవిడ కూడా వస్తానంది. కాకర పందిరి ఎలా కట్టాలో తనకు తెలుసట.